ఈ నంబరు ఎవరు రాశారు? – ఏఐ, డేటా సైన్స్ చదువుతున్న పిల్లలకూ వాళ్ల గైడ్లకూ బహిరంగ లేఖ

ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏఐ, డేటా సైన్స్ బ్రాంచీల ఫైనలియర్ పిల్లలకూ, వాళ్ల ప్రాజెక్టు గైడ్లకూ,

నమస్కారం.

నేను పశ్చిమగోదావరి డెల్టాలో ముప్పయ్యేళ్లకు పైగా లెక్కలు రాసిన మనిషిని. డబ్బు లెక్కలు కావు. వాన ఎన్ని మిల్లీమీటర్లు పడింది, సార్వాకి (ఖరీఫ్) ఏ సర్వే నంబరులో ఏం వేశారు, దాళ్వాకి (రబీ) ఎకరాకు ఎంత పండింది, అలాంటివి. రిటైరయ్యాక ఆ రిజిస్టర్లను మళ్లీ తలుచుకోవాల్సిన అవసరం రాదనుకున్నాను. మొన్న సంక్రాంతికి మా తమ్ముడి కూతురు తన ప్రాజెక్టు రిపోర్టు పట్టుకుని ఇంటికొచ్చింది. ఈ ఉత్తరం దాని పుణ్యమే.

రిపోర్టు ముచ్చటగా ఉంది. నీలం అట్ట, స్పైరల్ బైండింగు, లోపల రంగురంగుల గ్రాఫులు. మెషీన్ లెర్నింగ్‌తో పంట దిగుబడి అంచనా వేయడం. "పెదనాన్నా, ఇది నీ సబ్జెక్టే" అంది. ర్యాండమ్ ఫారెస్టు అనే పద్ధతితో 96, ఎక్స్‌జీబూస్టు అనే ఇంకో పద్ధతితో 98 శాతం యాక్యురసీ వచ్చిందట. జీవితమంతా బురదలో దిగి చేసిన పని ఈ పిల్ల ఏసీ ల్యాబులో కూర్చుని 98 శాతం చేసేసిందా అని ఒక పక్క సంతోషం, ఒక పక్క కాస్త చిన్నతనం. పేజీలు తిప్పుతుంటే ఒక బొమ్మ దగ్గర చెయ్యి ఆగింది. ఏ పంటకు దిగుబడి ఎక్కువో చూపించే గ్రాఫు. అందులో కొబ్బరి తాటిచెట్టంత ఎత్తున ఉంది. వరి, మొక్కజొన్న, చెరకు దాని మొదట్లో చీమల్లా ఉన్నాయి.

"కొబ్బరే బెస్ట్ క్రాప్ అని వచ్చింది పెదనాన్నా."

"అమ్మా, అవి టన్నులు కావు. కాయలు."

ఆ పిల్ల వాడిన సీఎస్‌వీ (పట్టిక ఫైలు) మీలో చాలామంది దగ్గర ఉండే ఉంటుంది. ప్రభుత్వం బయటపెట్టిన జిల్లావారీ పంటల లెక్క, 1997 నుంచి మొదలవుతుంది. డేటా పంచుకునే కాగిల్ సైటులో దాని నకళ్లు కొల్లలు. అందులో ఉత్పత్తి అని ఒకటే కాలమ్ ఉంటుంది, కానీ ప్రమాణం ఒకటి కాదు. వరి టన్నుల్లో, కొబ్బరి కాయల్లో, పత్తి బేళ్లలో. బేలంటే 170 కిలోలు. మూడింటినీ ఒకే తక్కెడలో వేసి కొబ్బరి గెలిచిందంటే ఎలా? ఇంకా ఉంది. మోడల్‌కి సాగు విస్తీర్ణం ఇచ్చి మొత్తం ఉత్పత్తి చెప్పమన్నారు. ఎకరాలు ఎక్కువైతే పంట ఎక్కువని చెప్పడానికి ఎక్స్‌జీబూస్టు ఎందుకు, కళ్లంలో కూర్చున్న మా మామ్మ చాలు. పైగా వరసలన్నీ కలగలిపి ట్రైనింగుకీ టెస్టుకీ పంచారు. ఒక జిల్లా 2008 లెక్క ఇటు, అదే జిల్లా 2009 లెక్క అటు. పక్కవాడి పేపరు చూసి రాసిన పరీక్షలో 98 రావడం వింతేమీ కాదు. (పైగా ఆ 98ని యాక్యురసీ అనకూడదట, ఆర్ స్క్వేర్డ్ అనాలట, అంకెల్లోని హెచ్చుతగ్గుల్లో ఎంత భాగం మోడల్‌కి అందిందో చెప్పే కొలత. ఆ మాట ఆ పిల్లే ఒప్పుకుంది. రిపోర్టు మీద సంతకం పెట్టినవాళ్లు ఎవరూ అడగలేదు.)

నేను వెక్కిరిస్తున్నానని ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకోలేదు. కాసేపు ఆ గ్రాఫు వంక చూసి, "మరి ఈ నంబర్లు ఎవరు రాస్తారు పెదనాన్నా?" అనడిగింది. నాలుగేళ్ల చదువులో ఈ ప్రశ్న ఒక్కసారీ రాలేదట. దానికి ఆ రోజు చెప్పిన జవాబే మీ అందరికీ రాస్తున్నాను.

ఆ నంబర్లు మేం రాస్తాం, చేలో దిగి. దాన్ని పంట కోత ప్రయోగం అంటారు. ముందు ర్యాండమ్ నంబర్ల పట్టిక చూసి ఊళ్లో సర్వే నంబరు ఎంచుతాం. చేనుకి నైరుతి మూల నిలబడి, పట్టిక ఇచ్చిన రెండంకెల ప్రకారం పొడవునా ఇన్ని అడుగులు, అడ్డంగా ఇన్ని అడుగులు వేసి, ఆగినచోట మొదటి మేకు కొడతాం. అక్కణ్ణుంచి టేపుతో అయిదు మీటర్లు, మళ్లీ అయిదు మీటర్లు. మూలలు సరిగా కుదిరాయో లేదో ఐమూలగా కొలిచి చూస్తాం, 7.07 మీటర్లు రావాలి. రాకపోతే మేకు పీకి మళ్లీ కొట్టాలి. నాలుగు మేకులకీ తాడు బిగించి దుబ్బులు విడదీస్తాం. ఏ దుబ్బు లోపల, ఏది బయట అన్న తగువు అక్కడే మొదలవుతుంది. తాడు సరిగ్గా దుబ్బు మీదే పడుతుంది మరి. రైతు బయట అంటాడు, కొడవలి పట్టినామె లోపల అంటుంది. తర్వాత కోసి, బరకం మీద నూర్చి, చాటతో తూర్పారబట్టి, తాలు పోగొట్టి, కాటా వేస్తాం. పచ్చి గింజ తూకం రాసుకుని, ఆరబెట్టాక మళ్లీ తూస్తాం.

ఆ ముక్క 25 చదరపు మీటర్లు. మంచి చేనైతే పన్నెండు నుంచి పద్నాలుగు కిలోల ధాన్యం వస్తుంది. ఎకరా లెక్క కట్టాలంటే దాన్ని దాదాపు 162తో హెచ్చవేయాలి. అంటే కాటాలో కిలో పొరపాటు ఎకరాకు రెండు బస్తాల పైన (మా వైపు బస్తా 75 కిలోలు). ఇరవై సెంటీమీటర్ల ఎడంతో ఊడ్చిన చేలో, దయతలచి తాడుకి నాలుగు పక్కలా ఒక్కో వరస లోపలికి లాక్కుంటే విస్తీర్ణం 17 శాతం దాకా పెరిగిపోతుంది. కాగితం మీద మాత్రం అదే అయిదు మీటర్లు. ఇది కొత్తగా కనిపెట్టిన గొడవ కాదు. చిన్న ముక్క కోస్తే దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువ కనబడుతుందని 1940ల్లోనే గణాంక శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే చూపించారు. చిన్న ముక్కలతో పని నడిపిన మరో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పక్షంతో ఈ విషయం మీద గట్టి వాదనే జరిగింది.

మహలనోబిస్ పేరు మీకు తెలుసు. మీ పైథాన్ లైబ్రరీలో ఆయన పేరు మీద దూరం లెక్కగట్టే సూత్రం ఉంది. 1936 నాటి ఆ సూత్రం వెనక ఉన్నవి కలకత్తాలో మనుషుల తలలూ ముక్కులూ కొలిచిన లెక్కలు. మన తెలుగువారు, గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో అదే మహలనోబిస్ సంస్థకు వెళ్లారు. 1946లో కేంబ్రిడ్జి పంపితే అక్కడాయన చేసింది సూడాన్ తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతలకు లెక్క కట్టడం. మీ సిలబస్‌లో సూత్రం మిగిలింది, ఎముకలు పోయాయి.

ఇక నా తప్పు చెప్పాలి. అది చెప్పకుండా మీ తప్పులు ఎంచితే బాగోదు.

ఒక ఏడు సార్వా కోతలప్పుడు పట్టిక ఇచ్చిన సర్వే నంబరు మురుగు కాలువ అవతల పడింది. తాటిపట్టె వంతెన కొట్టుకుపోయింది. మొలలోతు నీళ్లు, చీకటి పడబోతోంది, మర్నాడు ఇంకో రెండూళ్లలో కోతలున్నాయి. నేను దాటలేదు. రోడ్డు పక్క చేను ఒకటి ఎంచుకుని, బదులు చేనుగా రాసి, అక్కడ కోశాను. పదమూడు కిలోల పైన తూగింది. కాలువ అవతల చేలు వారం రోజులు నీళ్లలో నానాయి, అక్కడ ఎనిమిదైనా వచ్చేది కాదు. ఊరి సగటు దిగుబడి పడిపోతేనే పంట బీమా వస్తుంది. ఆ ఏడు ఆ ఊరికి రాలేదు. నా ఒక్క ముక్క వల్లే రాలేదని చెప్పలేను. కాదనీ చెప్పలేను. ఆ అంకె ఊరి సగటులో, ఆ సగటు మండలంలో, అది జిల్లాలో కలిసి, ఇవాళ మీ సీఎస్‌వీలో దశాంశాలతో సహా కూర్చుంది. దాన్ని మీరు గ్రౌండ్ ట్రూత్, అంటే నేల మీద కొలిచిన నిజం అంటారు.

"మాకీ బాధ లేదు, మేం ఉపగ్రహం వాడతాం" అంటారు మీలో తెలివైనవాళ్లు. మా పిల్లా అదే అంది. సరే, అదీ చూద్దాం.

సెంటినల్-2 ఉపగ్రహాల బొమ్మలు ఉచితంగా దొరుకుతాయి. జంటగా తిరుగుతూ అయిదు రోజులకోసారి ఒకే చోటుని చూస్తాయి. వాటి బొమ్మలో సన్నని చుక్క పది మీటర్ల చదరం, అంటే వంద చదరపు మీటర్లు. మేం కోసే ముక్క అందులో పావు. ఆ పావు ముక్క ఎక్కడుందో చెప్పేది నా ఫోను. అది కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. కాబట్టి నా పదమూడు కిలోలు మీరు అతికించిన చుక్కలో సగం పక్క రైతు చేను, గట్టు మీద రెండు కొబ్బరిచెట్లు, ఓ బోదె ఉండొచ్చు. ఇంకో మాట. కేంద్రం పంట బీమా పథకం ఫసల్ బీమాలో, ఊరు యూనిట్ అయినచోట ప్రధాన పంటకు నాలుగు కోతలు. నాలుగు పాతికలు వంద. ఊరంతటి చేల తలరాత రాసే నేల అంతా కలిపితే మీ ఒక్క చుక్కంత. అంత తక్కువ నేల కోసినా ఆ లెక్కకు విలువుండేది, ఎక్కడ కోయాలో మనిషి కాకుండా పట్టిక చెప్పినందుకే. ఆ రోజు కాలువ దాటకుండా నేను చెడగొట్టింది దాన్నే.

సార్వా అంతా మబ్బు. జులై నుంచి అక్టోబరు దాకా పనికొచ్చే బొమ్మలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మబ్బులోంచి చూడగల రాడార్ సెంటినల్-1ది. ఊడ్పులప్పుడు నీళ్లు నిలిచిన చేను దానికి నల్లగా కనిపిస్తుంది, ఆ నలుపుతోనే వరిని గుర్తుపడతారు. మరి మా డెల్టాలో చేపల చెరువూ రొయ్యల చెరువూ కూడా నలుపే. నెల పోయాక చేను పచ్చబడుతుంది గనక విడదీయొచ్చు, నిజమే. చెరువు ఎండగట్టి గట్టు మీద గడ్డి పెరిగిన ఏడు ఏం చేస్తారో మీరు చెప్పాలి.

పచ్చదనం కొలిచే ఎన్‌డీవీఐని నమ్ముకునేవాళ్లకి ఇంకో మాట. వెన్ను మెడ దగ్గర తెగులు పట్టి మెడవిరుపు వచ్చిన చేనుని ఎప్పుడైనా చూశారా? ఆకు పచ్చగానే ఉంటుంది. వెన్ను విరిగి వేలాడుతుంది, గింజంతా తాలు. పైనుంచి చూస్తే నవనవలాడే చేను. సుడిదోమ దుబ్బు మొదట్లో ఉంటుంది, పైకి తెలిసేసరికి చేలో గుండ్రంగా మాడిన మచ్చలు. ఇక వంగడాలు. మార్టేరు స్వర్ణ అయిదు నెలల దాకా చేలో ఉంటుంది, 1010 రకం నాలుగు నెలలకే కోతకొస్తుంది. ఒకే తేదీన తీసిన బొమ్మలో ఒకటి పచ్చగా, పక్కది పండి పసుపుగా ఉంటే మీ మోడల్ రెండోదాన్ని రోగిష్టి చేననుకుంటుంది. ఏ గట్టున ఏ వంగడముందో ఏ కాలమ్‌లోనూ దొరక్కపోవచ్చు. టీకొట్టు దగ్గర దొరుకుతుంది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపు కోతలు నడుస్తున్న రోజులవి. కోసిన చేలో పనలు పరిచి ఉన్నాయి. పనల మీద వాన పడితే గింజ అక్కడే మొలకెత్తుతుంది, రంగు మారుతుంది, తేమ 17 శాతం దాటితే కొనేవాడు వెనక్కి తిరుగుతాడు. ఉపగ్రహానికి మాత్రం ఆ చేను అంతకుముందే కోసేసిన చేను, అంటే పంట చేతికొచ్చేసినట్టే. కాలువ దాటని నేనూ, పనల కింద మొలకని చూడలేని మీ మోడలూ ఒకే బడిలో చదువుకున్నాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ పని ఇక ల్యాబులో ఆగడం లేదు. 2023 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో వరికీ గోధుమకూ దిగుబడి కట్టేటప్పుడు కనీసం 30 శాతం వెయిటేజీ టెక్నాలజీ అంచనాకి ఇవ్వాలన్నారు. నేను దానికి వ్యతిరేకిని కాను. నాలాంటివాడు కాలువ దాటకపోతే పట్టుకునేవాడొకడు ఉండాల్సిందే. కానీ ఆ అంచనాని సరిచూసేది మళ్లీ మా కోతలతోనే. తప్పు తూకంతో పాఠం నేర్చుకున్నవాడు నా తప్పుని ఎలా పట్టుకుంటాడు?

పొలం దాటి వచ్చినా కథ ఇదే. తెలంగాణలో కంప్యూటరు వడపోతతో, ముందుగా నోటీసు కూడా ఇవ్వకుండా లక్షల రేషన్ కార్డులు తీసేశారన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు మనుషులు వెళ్లి మళ్లీ తనిఖీ చేయాలంది. వాహనం ఉందనో భూమి ఉందనో వేరే పట్టికలో ఉన్న పేరు, కార్డు మీది పేరు ఒకటేనని మిషను అనుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. మా ఊళ్లో వెంకటేశ్వరరావులు ఎంతమందో నాకే తెలియదు. ఊరి భూమి, సాగు వివరాలు రాసే అడంగల్ సంగతీ అంతే. అందులో పేరు ఒకరిది, చేలో కాళ్లు ఇంకొకరివి. కౌలు రైతు ఏ కాలమ్‌లోనూ ఉండడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టంతో కౌలు రైతుకు సాగుదారు హక్కు పత్రం వచ్చింది గానీ, దానికీ భూయజమాని సంతకం అడిగారు. సంతకం పెట్టే యజమాని ఎక్కడ దొరుకుతాడు? దిగుబడి వంద శాతం సరిగ్గా చెప్పినా డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందన్నది మీ మోడల్ చేతిలో లేదు. ఉందని మాత్రం ప్రెజెంటేషన్లో చెప్పకండి. ఆఖరి స్లైడులో "రైతుల ఆత్మహత్యలు తగ్గుతాయి" అని రాసింది మా పిల్ల. ఆ ఒక్కదానికే నేను నిజంగా కోప్పడ్డాను.

బాగా చేసిన పని లేదా అంటే ఉంది. 2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో చెప్పాయి. యాప్ గీప్ దింపుకోవాల్సిన పని లేదు, మామూలు ఫోనుకి తెలుగులో మెసేజి. 1986 నుంచి 2015 దాకా ముప్పయ్యేళ్ల వాతావరణ లెక్క తీసి, నేలలో తేమ నిలిచే వారం ఏదో చూసి, జూన్ మొదట్లో తొందరపడొద్దు, ఆఖరి వారం దాకా ఆగండన్నారు. ఎకరా దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని వాళ్లు చెప్పారు. ఒక్క సీజను, 175 మంది, దాన్ని పట్టుకుని ఊరేగక్కర్లేదు. నాకు నచ్చింది అడిగిన ప్రశ్న. మెట్ట రైతు జూన్‌లో ఆకాశం చూస్తూ తనను తాను అడుక్కునే ప్రశ్నే అది: ఇవాళ విత్తనా, ఆగనా?

అలాంటి ప్రశ్నలు మా దగ్గర గంపలకొద్దీ ఉన్నాయి, ఎవరూ ఎత్తుకోరు. పంట కోత యాప్‌లో ఎక్కిన తూకాలన్నీ ఒకచోట పెట్టి, ఒకే మనిషి ఒకే పూట రెండూళ్లలో కోసినట్టు ఉన్నవీ, అన్నీ సరిగ్గా పన్నెండు కిలోలే తూగినవీ, రోడ్డుకి ఇరవై అడుగుల్లోపే పడినవీ ఏరి చూపించండి. నాలాంటి దొంగలు చాలామంది దొరుకుతాం. మండలాల్లో చేతిరాత వర్షపాతం రిజిస్టర్లు చెదలు తింటున్నాయి. మా రాత చదవడం మిషనుకి నేర్పండి, మా ఏడుకీ రెండుకీ తేడా మాకే తెలియదు గనక అది మంచి పరీక్ష. కోసిన పూట తేమకీ ఆరాక తూకానికీ మధ్య లెక్క ఒక్కో వంగడానికి ఎలా ఉంటుందో తేల్చినా చాలు, ఒక ప్రాజెక్టు. వీటిలో డీప్ లెర్నింగ్ అవసరం పెద్దగా రాకపోవచ్చు. రాకపోతే మార్కులు తగ్గుతాయన్న భయం పిల్లలది కాదు, గైడ్లది.

కాబట్టి గైడ్లకు ఒక మాట. మీ ఇబ్బంది తెలియంది కాదు. ఒక్కొక్కరి మీద పది బ్యాచులు, పైనుంచి పేపరు పబ్లిష్ చేయించమని ఒత్తిడి. కానీ 98 వచ్చిన రిపోర్టు చేతికొస్తే సంతకం పెట్టే ముందు "యూనిట్లు ఏంటమ్మా?" అని ఒక్కసారి అడగండి. వరసలు కలగలిపి పంచొద్దనండి, తుపాను వచ్చిన ఏడుని మొత్తంగా దాచిపెట్టి పరీక్ష పెట్టమనండి. తప్పు ఎంతో శాతాల్లో కాకుండా ఎకరాకు ఎన్ని బస్తాలో రాయమనండి. అప్పుడు ఆ తప్పు ఎంత పెద్దదో పిల్లలకే తెలుస్తుంది. మా పిల్ల కొబ్బరి తీసేసి, ఉత్పత్తి బదులు ఎకరా దిగుబడి పెట్టి, ఆఖరి మూడేళ్లు దాచి మళ్లీ నడిపింది. స్కోరు సగానికి పడింది. గైడు ముందు పాతదే ఉంచమన్నాడట. రెండూ పక్కపక్కన పెడతానని పట్టుబట్టింది. వైవాలో ఏం జరిగిందో ఇంకా ఫోను చెయ్యలేదు.

దాళ్వా కోతలు ఏప్రిల్‌లో మొదలవుతాయి. నా వారసుడిగా వచ్చిన కుర్రాడు మంచివాడు, తోడు వస్తామంటే కాదనడు. టేపు, తాడు, మేకులు, స్ప్రింగు కాటా నా దగ్గరున్నాయి. ఉదయం ఆరింటికల్లా చేలో ఉండాలి, తొమ్మిది దాటితే ఎండ తట్టుకోలేరు. తలగుడ్డ తెచ్చుకోండి. బూట్లు వద్దు, గట్టు మీద విప్పి చేతపట్టుకోవాల్సిందే. కాలువ అడ్డొస్తే ఈసారి దాటుదాం.

ఇట్లు,
ఒకప్పుడు లెక్కలు రాసిన
మీ పెదనాన్న